కానుగ తోట పెట్టమంటున్నారు, నమ్మొచ్చా?

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. మూడెకరాల మెట్ట, ఎర్ర నేల. చెనిక్కాయ వేసి వేసి విసిగిపోయాం. వాన మొహం చాటేస్తే కూలి ఖర్చులు కూడా రావు, పంట నిలబడిందంటే ఏనుగులు తొక్కిపోతాయి.

మొన్న ఒకాయన వచ్చి, బయోడీజిల్‌కి కానుగ మొక్కలిస్తాం, గింజలు మేమే కొంటాం అన్నాడు. మా నాయన వినగానే లేచి వెళ్లిపోయాడు. ఆయన బాధ నాకు తెలుసు. 2006 ప్రాంతంలో ఇట్లాగే ఎవరో చెబితే గట్ల మీదంతా అడవి ఆముదం నాటాడు. కాయలు ఒలిచి రెండు గోతాలు నింపితే కొనేవాడు రాలేదు. కొట్టం అటక మీదే పురుగు పట్టి పొడైపోయాయి.

కానుగ వేరు అనుకోండి. మన చెట్టే, నత్రజని తనే చూసుకుంటుంది, గింజలో నూనె సుమారు 30 శాతం దాకా ఉంటుంది, పిండి మిగిలితే ఎరువు. డీజిల్‌లో 2030కల్లా 5 శాతం బయోడీజిల్ కలపాలని కేంద్రం 2018 జీవ ఇంధన విధానంలో లక్ష్యం కూడా పెట్టింది. కానీ కాపుకొచ్చేదాకా నాలుగైదేళ్లు ఏం తినాలి?

చిత్తూరు, తిరుపతి వైపు నిజంగా కానుగ పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండన్నా. అంటు మొక్కలు తొందరగా కాస్తాయా? చెట్టుకి ఎన్ని కేజీలొచ్చాయి, ఎంతకి అమ్మారు? నడుమ సాళ్లలో ఉలవలు వేసుకోవచ్చా? కొనుగోలు కాగితంలో ఏ మాట రాయించుకోవాలి? ఆదివారం ఆయన మళ్లీ వస్తానన్నాడు.