అప్‌డేట్: దారిలో క్యారవాన్ బ్యాటరీ ఎందుకు ఛార్జ్ కావట్లేదో తేలింది

ముందే రిటైర్మెంట్ తీసుకుని కారు వెనక తగిలించుకునే క్యారవాన్‌లో తిరుగుతున్నాం, రోజంతా బండి నడిపినా సాయంత్రానికి లోపలి బ్యాటరీ నిండట్లేదని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఆటో ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూశాడు. మా కారుది స్మార్ట్ ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసేది, అవసరాన్ని బట్టి వోల్టేజీ మార్చుకునే రకం). కారు బ్యాటరీ నిండగానే వోల్టేజీ తగ్గించేస్తుందట. ఇంజిన్ ఆన్‌లో ఉన్నా క్యారవాన్ దాకా వచ్చేది 12.6 వోల్టులే, లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాలంటే సుమారు 14.4 కావాలి. డీసీ-డీసీ ఛార్జర్ (వచ్చే తక్కువ వోల్టేజీని బ్యాటరీకి కావలసినంత పెంచి ఇచ్చే పరికరం) పెట్టమన్న సలహాయే పనిచేసింది. పనిలో పనిగా సన్న వైరు తీసేసి లావుది వేయించాం.

కొత్త బ్యాటరీ అక్కర్లేకపోయింది, పాతదే లోడ్ టెస్టులో (బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటు లాగి చూసే పరీక్ష) బాగా నిలబడింది. సోలార్ ప్యానెల్‌కి దీంతో సంబంధమే లేదు (చెట్టు నీడన ఆపితే అదెలాగూ అంతంతమాత్రమే). ఇప్పుడు బస చేరేసరికి బ్యాటరీ నిండుతోంది.