మునగ చెట్టుకు కంబళి పురుగులు, మూడేళ్లుగా వదలడం లేదు

కడప పెరడు:
మా ఇల్లు కడప కోఆపరేటివ్ కాలనీలో. పెరట్లో మా అమ్మ నాటిన పన్నెండేళ్ల మునగ చెట్టు ఉంది. మూడేళ్లుగా వానలు మొదలైతే చాలు, మానంతా కంబళి పురుగులే. పగలు గుంపుగా, బెరడుకు బూడిదరంగు గొంగడి కప్పినట్టు అతుక్కుని ఉంటాయి. తెల్లారి చూస్తే కొమ్మలకు ఈనెలే మిగులుతాయి. నిరుడు మందుల షాపులో ఏదో ఘాటు మందు ఇస్తే కొట్టించాం. అన్నీ రాలిపోయాయి. నెల తిరక్కముందే మళ్లీ వచ్చాయి, పైగా ఆకు కోయాలంటే భయం పట్టుకుంది. మొన్న పాప తీగ మీది బట్టలు తీస్తుంటే మెడ మీద ఒకటి పడి ఒళ్లంతా దద్దుర్లు. పక్కింటివాళ్లు చెట్టు కొట్టేయమంటున్నారు. నాకు చేతులు రావడం లేదు. నిజంగా వదిలించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కర్నూలు అక్క:
ముందు పాప సంగతి చూడండి. రుద్దొద్దు, రుద్దితే వెంట్రుకలు ఇంకా లోపలికి దిగుతాయి. సెల్లో టేపు అతికించి పీకండి, ప్రతిసారీ కొత్త ముక్కతో. తర్వాత సబ్బుతో కడిగి, చల్లటి తడిగుడ్డ వేయండి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. కంట్లో పడితే మాత్రం ఇంటి వైద్యం వద్దు, నేరుగా కంటి డాక్టరు దగ్గరికే.

కల్లూరు వాసి:
కర్రకు గుడ్డ చుట్టి, కిరసనాయిలులో ముంచి, గుంపు మీద కాగడా పట్టండి. మా నాయన అట్లే చేసేవాడు. ఒక్క నిమిషం పని.

అనంత మిద్దెతోట:
అన్నా, కాగడా వద్దు. నేను చేసి నష్టపోయాను. మునగ బెరడు మెత్తన. నాలుగు చెట్లలో ఒకదానికి ఆ కాలిన చోటే పగిలి బంక కారింది, ఆ వైపు కొమ్మ ఎండిపోయింది.

కడప అన్నా, మీరు రాసినదాంట్లోనే దారి ఉంది. ఈ పురుగులు రాత్రి మేతకు పైకి పోతాయి, పొద్దెక్కితే మాను మీదకు దిగి ముద్దగా కూర్చుంటాయి. అంటే చెట్టంతా తడపక్కర్లేదు, ఆ ముద్దను తీస్తే చాలు. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ. బకెట్లో చిక్కటి సబ్బు నీళ్లు పెట్టుకుని, పాత పరకను అందులో ముంచి, గుంపును బకెట్లోకి ఊడ్చేయండి. పొడి పరక వాడితే వెంట్రుకలు గాలికి లేస్తాయి, జాగ్రత్త. తాకగానే గుంపంతా ఒక్కసారి తలలు ఎగరేస్తుంది, చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. చేయి ఆపొద్దు. నాలుగైదు రోజులు వరసగా పొద్దున్నే చూడాలి, ఎందుకంటే మిగిలినవి మళ్లీ గుంపు కడతాయి.

పైన ఆకుల్లో ఉన్న చిన్నవాటికి వేప గింజల కషాయం. లీటరు నీళ్లకు 50 గ్రాముల వేప గింజల లోపలి పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా నానబెట్టి పిండి, వడగట్టి, చిటికెడు సబ్బు పొడి కలపండి. సాయంత్రమే కొట్టాలి, మన ఎండకు వేప గుణం నిలవదు. బి.టి. మందు (పురుగులను చంపే బ్యాక్టీరియాతో చేసేది) కూడా బాగా పనిచేస్తుంది, పురుగు చిన్నగా ఉన్నప్పుడు. కానీ దగ్గర్లో మల్బరీ ఉంటే దాని జోలికి పోవద్దు. మా పిన్ని వాళ్లు పట్టుపురుగులు పెంచుతారు, ఆ మందు పడిన ఆకు తింటే అవీ చస్తాయి.

చెనిక్కాయ రైతు:
చెట్టు మీద చంపి ఊరుకుంటే మళ్లీ ఏడాది ఇదే కథ. పెరిగిన పురుగు మాను దిగి మట్టిలోకి పోయి గూడు కట్టుకుంటుంది. మా చేలో ఎర్ర గొంగళిది వేరే జాతి, అయినా అదీ ఇట్లే మట్టిలో పడుకుని, మంచి వాన పడగానే రెక్కల పురుగై లేస్తుంది. అందుకే మేము వేసవిలో లోతుగా దున్నుతాం, పైకి వచ్చిన కోశాలను కాకులు, కొంగలు ఏరుకుంటాయి. మీరు ఏప్రిల్, మే నెలల్లో మాను చుట్టూ జానెడు లోతు తవ్వి తిరగేయండి. వానలు పడ్డాక పెరటి లైటు కింద వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పెట్టండి, రెక్కల పురుగులు వచ్చి పడతాయి. అవి అట్లా పడిపోతే గుడ్లు తగ్గుతాయి.

కర్నూలు అక్క:
చెట్టు ఎత్తు ఎంత? మాది పదిహేనడుగులు అయ్యాక ఏమీ చేతికి అందలేదు. కాయ అయిపోయాక నడుము ఎత్తుకు నరికించాం. మునగే కదా, చిగురు గబగబా వచ్చింది. ఇప్పుడు గుడ్లు కూడా కళ్లకు కనిపిస్తాయి.

కడప పెరడు:
రెండు వారాలైంది, అందరికీ చెప్పాలనిపించింది. మొదటిరోజు పరకతో తీస్తే సగం బకెట్ నిండింది. నాలుగో రోజుకు ఇరవై ముప్పై, ఆ తర్వాత ఒకటీ అరా. చిగుళ్లు ఒక్కొక్కటి తిప్పి చూస్తే ఒక ఆకు కింద గసగసాలు అద్దినట్టు గుడ్లు, ఆ రెమ్మ తుంచి సబ్బు నీళ్లలో వేశాను. కషాయం రెండుసార్లు కొట్టాం. ఘాటు మందు మానేశాక జెముడు కాకి ఒకటి రోజూ వచ్చి కొమ్మల్లో ఏరుకుంటోంది, ఇంతకుముందు చూసిన గుర్తు లేదు. తవ్వకం వేసవికి, నరకడం కాయ అయ్యాక. పక్కింటి అక్కకు కూడా ఒక బకెట్, పరక ఇచ్చాను, వాళ్ల గోడ మీదకు ఎక్కినవి ఆమే తీస్తోంది. పాప దద్దుర్లు తగ్గాయి. బట్టల తీగ మాత్రం మిద్దె మీదకు మార్చేశాం.