ఎదురుమొండి వెళ్లి ఉండొచ్చా?

కూకట్‌పల్లిలో ఉంటున్నా. అమ్మ పుట్టిల్లు నాగాయలంక అవతల ఎదురుమొండి దీవి. తాతయ్య పొలం నన్ను చూసుకోమంటున్నాడు. నాది ఇంటి నుంచే ఉద్యోగం, నెట్ ఒక్కటే బెంగ.

— నెట్ సంగతి తర్వాత బాబూ. ఏటిమొగ రేవులో పంటు, అదే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కాలి. బైకు, గేదె, పెళ్లి సామాను అన్నీ దానిమీదే. గాలి తిరిగిందా, ఆగుద్ది. పురిటి మనిషి ఇంట్లో ఉంటే ముందే అవనిగడ్డ చేర్చాలి.

— వరి నమ్ముకోకు, ఉప్పునీళ్లు ఎక్కుతాయి. రొయ్యల చెరువుకి కౌలిస్తే డబ్బులొస్తాయి, పక్కోడి చేను చస్తుంది. నేనైతే ఇవ్వను.

— ఇల్లు కట్టేముందు 1977 ఉప్పెన నీళ్లు ఎందాకా వచ్చాయో తాతయ్యనే అడుగు.

— వంతెన వస్తుందంటగా?

— మా పెళ్లప్పుడూ అన్నారు. పిల్లోడు డిగ్రీకొచ్చాడు.