2024లో నాకు బాగా నచ్చిన సినిమా ‘హనుమాన్’ అంటే పొరపాటా?

ప్రశ్న:
2024 జనవరి 12న, సంక్రాంతి సందడిలో ‘గుంటూరు కారం’తో పాటే విడుదలైన ‘హనుమాన్’ను ఆ ఏటి సినిమాలన్నింటిలో నాకు బాగా నచ్చినదిగా ఎంచుకున్నాను. సూపర్‌హీరో కథ పిల్లల కాలక్షేపమే తప్ప ఏడాది మొత్తానికి మేటి చిత్రం ఎలా అవుతుందని మా ఇంట్లో అడుగుతున్నారు. మీరేమంటారు?

జవాబు 1:
ఎందుకు కాకూడదండీ? దర్శకుడు ప్రశాంత్ వర్మ హీరో శక్తికి పెట్టిన హద్దు చూడండి. అంజనాద్రి అనే ఊళ్లో చిల్లర దొంగతనాలు చేసుకుంటూ తిరిగే హీరో హనుమంతుకు మహిమగల మణి దొరికినా, దాని బలం సూర్యకాంతి ఉన్నంతసేపే పనిచేస్తుంది కనుక, పొద్దు వాలుతున్నకొద్దీ మన గుండెల్లోనూ దడ మొదలవుతుంది. బాల హనుమంతుడు సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన కథ చిన్నప్పుడే విన్న మనకు ఆ నియమాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

జవాబు 2:
నా ఓటు ‘లక్కీ భాస్కర్’కే. బొంబాయిలోని ఒక బ్యాంకు ఉద్యోగి చేసే లెక్కల్లోనే అంత ఉత్కంఠ పుట్టించడం నాకు పెద్ద పనిగా తోచింది. ‘హనుమాన్’లో ప్రతినాయకుడు మైకేల్ బాల్యం బలంగా మొదలైనా, ఆ పాత్ర తర్వాత పలచబడింది.

జవాబు 3:
మైకేల్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే హనుమంతు అక్క అంజమ్మను మరచిపోకండి. పెళ్లిచీరలో, కొబ్బరిగెల చేతబట్టి ఆమె తిరగబడినప్పుడు మా అమ్మ సీటులోంచి లేచి చప్పట్లు కొట్టింది. మణి తాకకుండానే అంత ధైర్యం చూపిన మనిషి ఆ కథలో ఉన్నందువల్లే నేనూ ఆ ఏటికి ‘హనుమాన్’నే ఎంచుకుంటాను.