"వచ్చువారి పాలు వంచుకొనక": వంచా, పంచా?

అరసున్న:
ఒక పద్యం బుర్రలో నలుగుతోంది. ఐక్యరాజ్యసమితి పదిహేడు సుస్థిరాభివృద్ధి లక్ష్యాల మీద ఎవరో రాసిన ఆటవెలది. ఏదో సావనీర్‌లో చదివాను, కింద కవి పేరు లేదు. మూడో పాదం పూర్తిగా పోయింది.

నేటి యక్కరలను నేర్పుతోఁ దీర్చుచు
వచ్చువారి పాలు వంచుకొనక
. . . . . . . . . .
ఒకరినైన వెనుక నుంచవలదు

మొదటి రెండు పాదాలూ సుస్థిరాభివృద్ధికి 1987లో ఐక్యరాజ్యసమితి బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనం, చివరిది ఈ లక్ష్యాలున్న 2030 ఎజెండాలోని మాట. అంతవరకు స్పష్టమే. మూడో పాదం ఎవరి దగ్గరైనా ఉందా? ఇంకో సందేహం, "వంచుకొనక" సరైన పాఠమేనా, అచ్చుతప్పా?

బహుళం:
అచ్చుతప్పేం కాదు. పాలు + పంచుకొనక. గసడదవాదేశం (ప్రథమా విభక్తి మీది క చ ట త ప లు గ స డ ద వ లు కావడం) వచ్చి వంచుకొనక అయింది. రాబోయేవాళ్ల వాటాను మనమే పంచుకు తినకుండా అని అర్థం.

గణబద్ధుడు:
పాలు అక్కడ కర్మ కదండీ. ప్రథమ మీద కదా ఆ ఆదేశం?

బహుళం:
జడానికి (ప్రాణం లేనిదానికి) ద్వితీయ బదులు ప్రథమ వస్తుంది, రూపం ప్రథమే. ఆపైన సూత్రంలో "బహుళంబుగా" (ఒకచోట వచ్చి ఒకచోట రాకుండా) అని ఉండనే ఉంది.

గణబద్ధుడు:
ఆ బహుళం మీకు పేరే కాదు, ఆయుధం కూడా.

తుమ్మెద:
యతి చూస్తే తేలుతుందేమో అనుకున్నాను. తేలలేదు. వ-వ సరే, కానీ ప ఫ బ భ వ లన్నిటికీ మైత్రి కాబట్టి పంచు అన్నా చెల్లుతుంది. ఛందస్సు చేతులెత్తేసింది.

కడలిగాలి:
వంచుకొనకే ఉండాలి. పంచుకోవాలంటే అందరూ కూర్చుని లెక్క చూసుకోవాలి. వంచుకోవడం అలా కాదు, ఎవరికి వారు గిన్నె వంచి ఒంపుకోవడం. అడుగున ఎంత మిగిలిందో ఎవరూ చూడరు. సముద్రాల మీదున్న 14వ లక్ష్యం తీసుకోండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) లెక్కలో, 1974లో సముద్రపు చేపల నిల్వల్లో 90 శాతం తిరిగి కోలుకోగల స్థాయిలో ఉండేవి. 2021 నాటికి 62.3 శాతం. భవిష్యత్తు వాటాను పంచుకుందాం రండి అని ఎవరూ సభ పెట్టలేదు, ఎవరి వల వాళ్లు వేశారు. మితిమీరిన వేట ఆపాలన్న 14.4 లక్ష్యాంశానికి పెట్టిన గడువు 2030 కూడా కాదు, 2020. అది దాటిపోయింది.

బహుళం:
బాగుంది. కానీ చేపలు వ్యాకరణం చదవలేదు కదమ్మా.

పాతమాట:
బహుళం గారూ, మీ పాఠంతో పెద్ద చిక్కు. "పాలుపంచుకొనక" అంటే ఇవాళ ఎవరికైనా తోచే అర్థం "పాల్గొనకుండా" అనే. వచ్చేవాళ్లతో పాలుపంచుకోవద్దని చెప్పే పద్యం, భాగస్వామ్యమే 17వ లక్ష్యంగా ఉన్న ఎజెండా మీద! ఏ కవీ ఇంత సాహసం చెయ్యడు.

బహుళం:
కవి సాహసం గురించి మనకేం తెలుసు, పేరే లేదు.

నిలకడ:
వ, ప ల సంగతి తర్వాత. అసలు "పాలు" అన్న మాట దగ్గరే నాకు ఆగిపోయింది. బ్రంట్‌లాండ్ నిర్వచనంలో వాటా లేదు. భావితరాలు తమ అవసరాలు తాము తీర్చుకునే సామర్థ్యం దెబ్బతినకుండా, అని ఉంది. వాటా అంటే ఫలానా బొగ్గులో ఇంత, ఫలానా అడవిలో ఇంత అని విడిగా ఉంచాలి. సామర్థ్యం అంటే వాళ్లు బతకగలిగితే చాలు, దేనితోనన్నది తర్వాతి ప్రశ్న. ఆర్థికవేత్త రాబర్ట్ సోలో వాదన ఇదే, ఏ ఒక్క వస్తువునూ అలాగే మిగల్చాల్సిన పని లేదు, బాగా బతికే శక్తి మిగిలితే చాలు అని. మరో ఆర్థికవేత్త హర్మన్ డేలీ దీన్ని ఒప్పుకోలేదు. చేపలు లేనిచోట పడవలు ఎన్ని పెంచితే ఏం లాభం అన్నాడు. కడలిగాలి అక్క చెప్పింది సరిగ్గా ఆ డేలీ పక్షం. ఈ కవి కూడా "పాలు" అనగానే, తెలిసో తెలియకో, డేలీ వైపు కూర్చున్నాడు.

అరసున్న:
ఇది నేను అడగలేదు గానీ, బాగుంది.

పాతమాట:
అంతకంటే పాత కథ ఉంది. 1713లో జర్మనీలో శాక్సనీ గనుల అధికారి కార్లోవిట్జ్ కలప గురించి రాసిన పుస్తకంలోనే ఈ ఆలోచన కనిపిస్తుంది. గనుల కొలిమిలకు కలప చాలక, పెరిగినంతే కొట్టండి అన్నాడు. అడవి మీద ప్రేమతో కాదు, కొలిమి ఆరిపోతుందన్న టెన్షన్‌తో.

తుమ్మెద:
ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతా. సు + సుప్తి సుషుప్తి అయి ష వచ్చింది, యుధిష్ఠిరుడిలో స్థిర కాస్తా ష్ఠిర అయింది. మరి సు + స్థిర "సుష్ఠిర" ఎందుకు కాలేదు?

గణబద్ధుడు:
పాణిని సూత్రం ఉంది కదా, గవియుధిభ్యాం స్థిరః. స్థిరకి ష వచ్చేది గవి, యుధి అన్న ఆ రెంటి మీదే. గవిష్ఠిర, యుధిష్ఠిర. సు ఆ జాబితాలో లేదు. కాబట్టి సుస్థిర.

తుమ్మెద:
అంటే యుద్ధంలో స్థిరంగా ఉండేవాడికి ష్ఠ దక్కింది, అభివృద్ధికి దక్కలేదు.

నిలకడ:
అసలు స్థిరమైనది వృద్ధి ఎలా చెందుతుందని ఒకరు నన్ను నిలదీశారు. వాళ్లకి ఆర్థికశాస్త్రం కంటే బాగా తెలుసు.

పాతమాట:
"సొంత లాభం కొంత మానుకు" అన్న గురజాడ ముందు ఈ నిర్వచనాలన్నీ దిగదుడుపే. ఆ "కొంత" చూడండి. అంతా మానుకోమనలేదు. చాలామంది దాన్ని "మానుకొని" అని సాగదీసి పాడతారు, నడక చచ్చిపోతుంది.

కడలిగాలి:
కానీ ఆయన చెప్పింది పొరుగువాడి గురించి, కళ్లెదుట ఉన్నవాడు. ఇక్కడ ఇంకా పుట్టనివాడి గురించి.

బహుళం:
నాలుగో పాదం ఎవరూ పట్టించుకోలేదేం? "వెనుక నుంచవలదు" గబగబా చదివితే "వెనుకనుంచి" అని వినపడుతోంది.

నిలకడ:
మాస్టారూ, ఆ పాదంలో బరువంతా "ఒకరినైన" మీదుంది. 2000లో మొదలైన సహస్రాబ్ది లక్ష్యాల్లో దుర్భర పేదరికాన్ని 1990 నాటి శాతంలో సగానికి దించితే గెలిచినట్టే. 2015 సెప్టెంబరులో ఒప్పుకున్న పదిహేడింటిలో మొదటిది అలా కాదు, ఎక్కడా, ఎవరికీ ఉండకూడదు అంటుంది. అట్టడుగున ఉన్నవాళ్లను ముందు చేరతామని కూడా రాసుకున్నారు. నాకు నచ్చనిది "వలదు". అక్కడ దేశాలు చేసింది ప్రతిజ్ఞ. కవి దాన్ని నీతిపద్యం చేసేశాడు.

గణబద్ధుడు:
మూడో పాదం దొరికేలా లేదు. నేనే పూరిస్తున్నా:

పదియు నేడు గురుల పథమందు నడచుచు

మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (సలం, నలం). ప-ప యతి.

తుమ్మెద:
పదిహేడు మంది గురువులా?

గణబద్ధుడు:
గురి అండీ, గురి. లక్ష్యం.

కడలిగాలి:
"పదియు నేడు" ఇంకో రకంగా కూడా కుదిరింది. 2024 ఐక్యరాజ్యసమితి నివేదికలో, అంచనా వేయగలిగిన లక్ష్యాంశాల్లో సరైన దారిలో ఉన్నవి 17 శాతమే.

బహుళం:
గురువుల గోల పోవాలంటే "గమ్య పథమందు" అనండి. అదీ సూర్యగణమే.

నిలకడ:
గమ్యాలు పదిహేడు, పథం ఒక్కటేనా? 2.3 లక్ష్యాంశం చిన్న రైతుల దిగుబడి రెట్టింపు చెయ్యమంటుంది. 15.2 అడవుల నరికివేత ఆపమంటుంది. దున్నడానికి కొత్త నేల ఎక్కడిది? రెండిటినీ ఒకే దారిలో నడిపించడం పద్యంలో సులువే.

బహుళం:
అయితే "గమ్య పథముల నడచుచు". నలం, నలం. బహువచనం వచ్చింది, యతి ఉంది.

గణబద్ధుడు:
నలం పక్కన నలం. చెవికి పరుగులా ఉంది గానీ నడకలా లేదు.