పాల ఆవుల బ్రీడింగ్ విలువకు జీబ్లప్ చాలా, బేయస్-బి కావాలా?

మారతహళ్లి_లెక్కలు: బ్రీడింగ్ విలువంటే ఆవు తన సంతానానికి అందించే జన్యు మేలు అంచనా. డీఎన్‌ఏ చిప్ చదివే గుర్తుల (మార్కర్ల) నుంచి దాన్ని లెక్కగట్టే పద్ధతులే ఈ రెండూ. జీబ్లప్ వాడితే ప్రతి మార్కరుకూ అంతో ఇంతో ప్రభావం ఉందని, వేరియన్స్ (ప్రభావాల్లో హెచ్చుతగ్గుల కొలత) అన్నిటికీ ఒకటేనని ముందే అనేసుకుంటాం. 2001లో మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే పరిశోధకులు బేయస్-బి తెచ్చిందే అది నచ్చక; అందులో చాలా మార్కర్లకు ప్రభావం సున్నా, కొన్నిటికి పెద్దది కావచ్చు. 14వ క్రోమోజోమ్ మీది డీజీఏటీ1 అనే జన్యువు ఒక్కటే వెన్న శాతాన్ని ఎంత మారుస్తుందో చూడండి.

హెబ్బాళ_వెట్: అది హోల్‌స్టీన్ అనే విదేశీ పాల జాతి సంగతండీ. మూపురం ఉండే మన జీబు జాతుల్లో దాదాపు అన్నిటికీ ఆ జన్యువులో వెన్న పెంచే రూపమే ఉంది. తేడా లేనిచోట మార్కరు ఏం విడదీస్తుంది? పాల దిగుబడి ఎన్నో జన్యువుల పని, దానికి జీబ్లప్ చాలు.

మారతహళ్లి_లెక్కలు: సంకర ఆవుల్లో తేడా ఉందిగా! మన ఊళ్లలో ఎక్కువ అవే.

హెబ్బాళ_వెట్: ఉంది, ఒప్పుకుంటా. నేను దిగుబడి అంటే మీరు మళ్లీ వెన్న దగ్గరికే వస్తారు.

యెలహంక_పద్మ: చిప్ అంటే చెవికి కొట్టేదేనా?

హెబ్బాళ_వెట్: కాదమ్మా. చెవికి కొట్టేది పన్నెండంకెల ట్యాగు. చిప్ రక్తంలోనో వెంట్రుక కుదుళ్లలోనో డీఎన్‌ఏ తీసి చదవడానికి.

మదనపల్లి_కేఆర్‌పురం: మా ఇంటి సంగతి వినండి. మేలైన కోడె సెమెన్ అని వేయించారు. పుట్టిన పెయ్య తొలి ఈతలో పూటకు మూడు లీటర్లు. పాలు నెలనెలా కొలిచి కార్డులో రాయాల్సిన అబ్బాయి వచ్చింది రెండుసార్లు. మిగతా గళ్లు మా అమ్మ ముందే, బండి సీటు మీద కార్డు పెట్టుకుని నింపేశాడు. అన్నిట్లో ఆరు. ఊళ్లో అన్ని ఆవులకూ ఆరే. ఆ ఆరుల మీదే మీ జీబ్లప్!

మారతహళ్లి_లెక్కలు: ఒక ఊరిని చూపి పద్ధతిని కొట్టేయకండి. మోడల్‌లో ఎర్రర్ టర్మ్, అంటే కొలత తప్పులకు వదిలే వాటా, ఉన్నదే అందుకు.

హెబ్బాళ_వెట్: ఎర్రర్ అటూ ఇటూ పడితే సర్దుకుంటుంది. అన్నిటికీ ఆరే రాస్తే ఆవుకీ ఆవుకీ తేడాయే పోయింది, ఇక హెరిటబిలిటీ (ఆ తేడాలో జన్యువుల వాటా) ఎక్కడిది? వంశావళినీ మార్కర్లనీ కలిపే సింగిల్-స్టెప్ పద్ధతి తెచ్చినా అంతే. అమెరికాలో 2009లో హోల్‌స్టీన్ జీనోమిక్ (డీఎన్‌ఏ ఆధారిత) అంచనాలు అధికారికమయ్యాయంటే వెనక దశాబ్దాల పాల రికార్డులున్నాయి.

మారతహళ్లి_లెక్కలు: అంటే ఇన్నేళ్లూ నేను చేసింది వృథానా? రికార్డులు బాగయ్యేదాకా చేతులు కట్టుకోవాలా? లెక్క చూపిస్తేనే కదా కొలతకు డబ్బిచ్చేది!

మదనపల్లి_కేఆర్‌పురం: ఎవరికిచ్చేది? నా గొడవంతా అదే. నాలుగింటికి లేచి పితికేది మా అమ్మ. లెక్క మీది, కోడె ఇంకొకరిది. ఏ పెయ్యను ఉంచుకోవాలో చెప్పే కాగితం ముక్క కూడా ఆమెకు రాలేదు. ఆ కార్డులో ఏం రాస్తే ఆమెకేంటి?

మారతహళ్లి_లెక్కలు: ...అమ్మగారి దగ్గర వేరే రాతలేమైనా ఉన్నాయా?

మదనపల్లి_కేఆర్‌పురం: పాలకేంద్రం పుస్తకం ఉంది. రోజూ పోసిన పాలు, వెన్న శాతం. ఆవు లెక్కన కాదు, ఇంటి లెక్కన.

మారతహళ్లి_లెక్కలు: ఎన్ని ఆవులు?

మదనపల్లి_కేఆర్‌పురం: రెండు. ఏది ఎప్పుడు వట్టిపోయిందో అమ్మకు నోటికొచ్చు.

మారతహళ్లి_లెక్కలు: అయితే విడదీయొచ్చు. ఫోటోలు పెట్టండి, కార్డుదీ, పుస్తకానిదీ.