అప్‌డేట్: అదుపు తప్పి తినడం గురించి అడిగిన ప్రశ్నకు

ఏళ్ల తరబడి అతిగా తిన్నాక తిండితో మళ్లీ మామూలుగా ఉండటం ఎలా అని అడిగాను. చాలామంది మనోనిబ్బరం పెంచుకోమన్నారు. అంతకన్నా ముఖ్యం వేళకు తినడం.

రోజుకు 3 భోజనాలు, మధ్యలో 2 లేదా 3 సార్లు చిరుతిండి. ఎక్కడా 4 గంటల ఖాళీ దాటకూడదు. ఆకలి లేకపోయినా తినాల్సిందే. అతిగా తినడం, పస్తులుండటం మార్చిమార్చి సాగితే ఆకలి, తృప్తి సూచనలు గాడి తప్పుతాయి. కాబట్టి మొదట్లో గడియారాన్నే నమ్మాలి.

పద్ధతి చెడేది ఎక్కువగా మర్నాడు ఉదయం. రాత్రి ఎక్కువ తిన్నామని టిఫిన్ మానేస్తే సాయంత్రానికి ఆకలి విపరీతమై మళ్లీ అదుపు తప్పుతుంది. ఎంత తిన్నా సరే, తర్వాతి భోజనం దాని వేళకే, మామూలు పరిమాణంలోనే.

తిన్న వెంటనే సమయం, పదార్థం, చోటు, అప్పటి మనఃస్థితి రాయాలి. కేలరీలు వద్దు, అవి మళ్లీ డైటింగ్‌లోకి లాగుతాయి. బరువు వారానికి ఒక్కసారే చూసుకోవాలి.

కోరిక ఎగసినప్పుడు 20, 30 నిమిషాలు స్నానమో నడకో ఫోనో పెట్టుకుంటే చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది.

‘నిషిద్ధం’ అనుకున్న పదార్థాలను వేళలు కుదిరాకే, కడుపు ఖాళీగా లేనప్పుడు, ఒక్క వడ్డనతో మొదలుపెట్టాలి. పూర్తిగా మానేస్తే వాటిమీద యావ పెరుగుతుంది.

ఇలా తరచూ అదుపు తప్పి తినడం (బింజ్ ఈటింగ్ డిజార్డర్) గుర్తింపు పొందిన రుగ్మత. 2013లో మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్‌ఎం-5 దీన్ని విడిగా చేర్చింది. ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడంలో సాయపడే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే చికిత్స ఉంది. వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వాడటం ఉంటే, లేదా మధుమేహం ఉంటే, ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకుండా ముందు డాక్టర్‌ను కలవండి.